జొన్న రొట్టెను కూడా లెక్కలో వేయాలి

షుగర్ ఉన్నవాళ్లు అన్నం మానేసి జొన్న రొట్టెలు తింటే చాలని మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ మాట సరిచేయండి. మా అమ్మ రెండేళ్లు అదే నమ్మింది. రాత్రి మూడు రొట్టెలు, ఆలుగడ్డ కూర. పొద్దున చూస్తే షుగర్ తగ్గేది కాదు. అన్నం ముట్టకపోయినా ఎందుకిలా అని ఒకటే టెన్షన్.

మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు చూడండి. 100 గ్రాముల బియ్యంలో కార్బోహైడ్రేట్లు (ఒంట్లో షుగర్‌గా మారే పిండి పదార్థాలు) సుమారు 78 గ్రాములు, జొన్నల్లో 68. జొన్నల్లో పీచు చాలా ఎక్కువ, అది నిజంగా మేలే. కానీ కార్బోహైడ్రేట్ల తేడా పది గ్రాములే. ఇది వండని గింజల లెక్క. బియ్యం ఉడికి నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి 100 గ్రాముల అన్నంలో 28 గ్రాముల దాకా ఉంటాయి.

వంటింట్లోకి చిన్న త్రాసు కొన్నాం. అమ్మ ఒక్కో రొట్టెకు తీసుకునే పిండి తూచితే 50 గ్రాములు! మూడు రొట్టెలకే కార్బోహైడ్రేట్లు వంద గ్రాములు దాటాయి, ఆలుగడ్డ వేరే. ఇప్పుడు రొట్టె ఒకటే, పక్కన తోటకూర పప్పు. మధ్యాహ్నం అన్నం చిన్న గిన్నెతో కొలిచి పెట్టుకుంటుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం తిండి తగ్గించే ముందు డాక్టర్‌ను అడగండి, షుగర్ మరీ పడిపోవచ్చు.