అది జీలుగ కాదండీ, పోతు ఈత

కోనసీమ కాలవ గట్టున పూసిన చెట్టు ఫొటో కింద ‘జీలుగ, కల్లుకు తప్ప పనికిరాదు’ అని వేశారు. జీలుగ ఆకు చేప తోకలా ఉంటుంది, పూగెల జడలా కిందికి వేలాడుతుంది. అది రంపచోడవరం, మారేడుమిల్లి వైపు ఏజెన్సీ చెట్టు. ఫొటోలోది పోతు ఈత, అంటే మగ ఈత చెట్టు.

అనుమానముంటే మట్ట మొదలు చూడండి. అక్కడి ఆకులు పొడవాటి ముళ్లయిపోయి ఉంటాయి. పైన ఒక ఆకు తుంచి అడ్డంగా కోస్తే మడత దోనెలా పైకి తెరుచుకుని కనిపిస్తుంది. కొబ్బరాకు మడత దీనికి తిరగబడి, బోర్లించినట్టు ఉంటుంది. చెట్టు పూతలో లేకపోయినా ఈ గుర్తు తప్పదు.

ఈతలో ఆడా మగా వేరు చెట్లు. పోతు గెల తెల్లగా, వాసనేస్తూ, తడితే పుప్పొడి దుమ్ములా రాలుతుంది. ఆడ పూలు రెమ్మకు అంటుకున్న పచ్చి పూసల్లా ఉంటాయి. కాయదని పోతు చెట్లన్నీ నరికేస్తే ఆడ చెట్లకు పుప్పొడి కరువై కాపు పడిపోతుంది. నరికేవాళ్లకు ఈ సంగతి పట్టదు!

‘కల్లుకు తప్ప పనికిరాదు’ అన్న మాటా ఒప్పుకోను. నీటి మీదకు వంగిన ముళ్ల మట్టలు గిజిగాడికి పాము భయం తక్కువున్న చోటు. పళ్లను గోరువంకలు, కోకిలలు, నక్కలు, పునుగుపిల్లులు తిని గింజల్ని గట్ల వెంబడి చేరవేస్తాయి. గింజకు ఒక పక్క నిలువునా లోతైన గాడి ఉంటుంది, అదీ గుర్తే.

ఒక్క జాగ్రత్త: కల్లు గీసే గాటు మొవ్వు (చెట్టు తలలోని లేత చిగురు) దాకా దిగితే చెట్టు చస్తుంది. పచ్చి గాయం వాసనకు, కాండాన్ని తొలిచే ఎర్రముక్కు పురుగు చేరుతుంది, అక్కణ్ణుంచి పక్క కొబ్బరితోటలోకి పోతుంది. చచ్చిన మొద్దును గట్టున వదలకుండా చీల్చి తగలబెట్టాలి.