కనీస వేతనానికి ఒక తేదీ కావాలి

బ్రిటన్‌లో చదువుకుంటూ పని చేస్తున్న మన పిల్లల్లో ఎవరినైనా అడగండి. కేర్ హోమ్‌లో రాత్రి డ్యూటీ చేసే అమ్మాయి అయినా, సూపర్ మార్కెట్‌లో సరుకు సర్దే అబ్బాయి అయినా అక్కడి కనీస వేతనం ఎంతో తడుముకోకుండా చెబుతారు. 2026 ఏప్రిల్ 1 నుంచి, 21 ఏళ్లు నిండినవారికి, గంటకు 12.71 పౌండ్లు. ఇదే ప్రశ్న హైదరాబాద్‌లో ఏదో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర పన్నెండు గంటల షిఫ్టులో నిలబడే కాపలాదారును అడిగితే, ఏజెన్సీ చేతిలో ఎంత పెడుతుందో చెబుతాడు గానీ చట్టం ఎంత ఇమ్మంటోందో చెప్పలేడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆ అంకె తెలియాలంటే తన పని ఏ షెడ్యూలు కిందికి వస్తుందో, తాను నైపుణ్యం ఉన్న వర్గమో లేని వర్గమో, తాను పని చేసే చోటు ఏ జోనో, మూల వేతనం మీద ఈ ఆరు నెలలకు కరువు భత్యం ఎంత కలపాలో తెలియాలి. అంత లెక్క కట్టి తన హక్కును తెలుసుకోమని మనం పేదవాడికి చెబుతున్నాం.

రెండు దేశాల వేతనాల మాట వచ్చినప్పుడల్లా పౌండ్లను రూపాయల్లోకి మార్చి నిట్టూర్చడం మనకు అలవాటు. ఆ లెక్కతో ఒరిగేదేమీ లేదు. ధరలు వేరు, ఉత్పాదకత వేరు, ఆర్థిక వ్యవస్థ వేరు. పోల్చాల్సింది చట్టాల అల్లికను. మంచి చట్టం రాసుకోవడానికి సంపన్న దేశమే కానక్కరలేదు.

నిజానికి ఈ దారిలో ముందు నడిచింది మనమే. మన కనీస వేతనాల చట్టం 1948 నాటిది. బ్రిటన్ తన జాతీయ కనీస వేతన చట్టాన్ని 1998లో చేసుకుంది. కొన్ని వృత్తులను ఎంచి, జాబితా కట్టి, ఒక్కోదానికి ఒక్కో రేటు నిర్ణయించే పద్ధతి 1909 నాటి బ్రిటిష్ ట్రేడ్ బోర్డులది. మన షెడ్యూల్డ్ ఉపాధుల పద్ధతి కూడా అదే అచ్చులో పోసినది. ఆ బోర్డుల వారసత్వంగా నడిచిన వేతన మండళ్లను బ్రిటన్ 1993లో, వ్యవసాయాన్ని మినహాయించి, రద్దు చేసింది. ఆరేళ్ల తర్వాత, 1999 ఏప్రిల్ 1న, అన్ని రంగాలకూ వర్తించే కనీస వేతనాన్ని గంటకు 3.60 పౌండ్లతో మొదలుపెట్టింది. మనం మాత్రం పాత అచ్చును డెబ్బై ఏళ్లకు పైగా మోశాం. 1948 చట్టం స్థానంలో తెచ్చిన వేతనాల కోడ్ 2019లో ఆమోదం పొందినా అమల్లోకి వచ్చింది 2025 నవంబర్ 21న.

అసలు తేడా తేదీలో ఉంది. అక్కడ లో పే కమిషన్ అనే సంస్థ ఉంది. అందులో తొమ్మిది మంది: యాజమాన్యాల వైపు నుంచి ముగ్గురు, కార్మిక సంఘాల వైపు నుంచి ముగ్గురు, స్వతంత్రులు ముగ్గురు. ఏటా సాక్ష్యాలు విని, లెక్కలు చూసి, ప్రభుత్వానికి సిఫారసు చేస్తారు. మొదట్లో పెంపు అక్టోబరులో ఉండేది, 2017 నుంచి ఏటా ఏప్రిల్ 1కి స్థిరపడింది. కరోనా దెబ్బకు వ్యాపారాలు కుదేలైన మరుసటి ఏడాది, 2021 ఏప్రిల్‌లో కూడా, రేటు 8.72 నుంచి 8.91 పౌండ్లకు పెరిగింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆ తేదీ ఆగలేదు.

మన చట్టంలో ఏముంది? ‘ఐదేళ్లకు మించని వ్యవధి’లో రేట్లను సవరించాలని ఉంది. 1948 చట్టంలో అదే ఉంది, కొత్త కోడ్‌లోనూ అదే ఉంది. మించితే ఏమవుతుంది? ఏమీ కాదు. ఏ మంత్రీ జవాబు చెప్పనక్కరలేదు, ఏ అధికారి జీతమూ ఆగదు. 2021 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సెక్యూరిటీ, నిర్మాణం వంటి రంగాలకు కొత్త వేతనాలతో ఐదు జీవోలు సిద్ధం చేసి, వాటిని గెజిట్‌లో ప్రచురించలేదు. గెజిట్‌లో అచ్చు కాని జీవోతో కూలివాడికి ఒక్క రూపాయి రాదు. ఆ ప్రచురణ కోసం కార్మికులు హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆరు నెలలకోసారి కరువు భత్యం పెరుగుతోంది కదా అని కార్మిక శాఖ అంటుంది. పెరుగుతోంది, నిజమే. అది ధరల వెంట పరుగెత్తడానికే చాలదు. మూల వేతనం ఏళ్ల తరబడి కదలకపోతే కార్మికుడి బతుకు ఉన్నచోటే ఉంటుంది.

తేదీ ఉన్నచోట తనిఖీకి కూడా బలం వస్తుంది, ఎందుకంటే ఎంత ఇవ్వాలో అందరికీ తెలుసు. బ్రిటన్‌లో కనీస వేతనం ఎగ్గొట్టిన యజమాని వెంట పడే పనిని 2026 ఏప్రిల్ దాకా పన్నుల శాఖ చూసింది. బకాయి కట్టించి, దాని మీద రెండింతల వరకు జరిమానా వేసి, పేరు బయట పెడుతుంది ప్రభుత్వం. 2023 జూన్‌లో అలా 202 సంస్థల పేర్లు ప్రకటించారు. అందులో డబ్ల్యూహెచ్‌స్మిత్ అనే పెద్ద దుకాణాల సంస్థ ఉంది. దుకాణంలో వేసుకోవాల్సిన దుస్తుల విషయంలో ఆ సంస్థ పాటించిన నిబంధనల వల్ల చేతికొచ్చే జీతం కనీస వేతనం కిందికి జారిందని తేలింది. దాదాపు 17,600 మందికి పది లక్షల పౌండ్ల పైచిలుకు చెల్లించాల్సి వచ్చింది. దుస్తుల ఖర్చు దాకా వెళ్లి లెక్క చూశారంటే ఆ తనిఖీ ఎంత లోతుగా ఉంటుందో ఆలోచించండి. మన దగ్గర కాపలాదారు యూనిఫారం డబ్బులు మొదటి నెల జీతంలోనే కోసేస్తే అడిగే నాథుడు లేడు. 1948 చట్టం కింద తక్కువ కూలి ఇచ్చిన యజమానికి శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా 500 రూపాయల వరకు జరిమానా. కొత్త కోడ్ జరిమానాను 50,000 రూపాయల వరకు పెంచింది, బకాయి అడిగే గడువును ఆరు నెలల నుంచి మూడేళ్లకు పెంచింది. ఇవి మంచి మార్పులే. కానీ అదే కోడ్ ఇన్‌స్పెక్టర్‌ను సదుపాయకుడిగా, అంటే యజమానికి సలహాలిచ్చేవాడిగా కూడా మార్చి, కేసు పెట్టే ముందు యజమానికి సరిదిద్దుకునే అవకాశం ఇవ్వమంది.

కూలి పెంచితే ఉద్యోగాలు పోతాయనే వాదన ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. చిన్న కిరాణా కొట్టు, చిన్న కార్ఖానా తట్టుకోలేవన్న ఆందోళనను నేను కొట్టిపారేయను. అయితే 1990లలో బ్రిటన్‌లో కన్జర్వేటివ్ పార్టీ సరిగ్గా ఈ వాదనతోనే కనీస వేతనాన్ని వ్యతిరేకించింది. అదే పార్టీ ప్రభుత్వం 2016లో దానికి జాతీయ జీవన వేతనమని పేరు పెట్టి 25 ఏళ్లు నిండినవారికి 7.20 పౌండ్లకు పెంచింది. భయపడినంత నష్టం జరిగి ఉంటే ఆ పని చేసేది కాదు.

మన దేశంలో ఈ చట్టం నీరసించడానికి అసలు కారణం చిన్న యజమాని కాదు. అందరికంటే పెద్ద యజమాని అయిన ప్రభుత్వం. తాను ఇవ్వనిదాన్ని ఇతరుల చేత ఎలా ఇప్పిస్తుంది? కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో చెప్పింది. 1983లో రాజస్థాన్ కరువు పనుల కేసులో ఆ మాటను ప్రభుత్వానికే వర్తింపజేసింది. అయినా 2005 ఉపాధి హామీ చట్టం కనీస వేతనాల చట్టంతో నిమిత్తం లేకుండా కూలి నిర్ణయించే అధికారాన్ని కేంద్రానికి కట్టబెట్టింది. 2009లో కేంద్రం కూలిని 100 రూపాయల దగ్గర నిలిపితే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేయాల్సి వచ్చింది.

ఇక అంగన్‌వాడీలు. పిల్లలకు వండిపెట్టి, బరువు తూచి, గర్భిణుల వివరాలు రాసి, ఫోనులో ఎక్కించి, సర్వేలకు తిరిగే ఆడవాళ్లకు ఇచ్చేది గౌరవ వేతనమట, అందుకని చట్టం వర్తించదట. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు సమ్మెకు దిగేనాటికి వారికి నెలకు ఇస్తున్నది 11,500 రూపాయలు, ఆయాలకు 7,000. జీతం అడిగిన ఆ మహిళల మీద 2024 జనవరిలో ప్రభుత్వం అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది. అత్యవసర సేవ అని చట్టం ప్రయోగించగలిగినప్పుడు అది ఉద్యోగం ఎందుకు కాదు? బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఊబర్ డ్రైవర్లు కూడా కార్మికులేనని, వారికి కనీస వేతనం దక్కాల్సిందేనని తీర్పు చెప్పింది. కంపెనీ కాగితాల మీద ఏం రాసుకుందో పక్కన పెట్టి, పని ఎవరి అదుపులో నడుస్తోందో చూసింది. అంగన్‌వాడీ కేంద్రం ఎన్ని గంటలకు తెరవాలో, ఏం వండాలో చెప్పేది ప్రభుత్వమే.

2019లో కేంద్రం వేసిన సత్పతి కమిటీ జాతీయ కనీస వేతనాన్ని రోజుకు 375 రూపాయలుగా సిఫారసు చేసింది. ఆ ఏడాదే కేంద్రం ఫ్లోర్ వేతనాన్ని (దేశమంతటికీ సూచించే అట్టడుగు రేటును) 176 నుంచి 178 రూపాయలకు, అంటే రెండు రూపాయలు, పెంచింది. అలాంటి కేంద్రం కోసం రాష్ట్రాలు ఎదురుచూడనక్కరలేదు. ఐదేళ్లకు మించకూడదని కోడ్ చెప్పింది, ఏడాదికోసారి సవరించవద్దని చెప్పలేదు. ‘ఏటా ఏప్రిల్ 1న కొత్త రేటు, మార్చి 1లోగా గెజిట్’ అని తెలుగు రాష్ట్రాలు తమ నియమాల్లో రాసుకుంటే పార్లమెంటు అనుమతి అక్కరలేదు. ఆ రేటు కిందికి మొట్టమొదట తేవాల్సింది తమ సొంత అంగన్‌వాడీ కార్యకర్తలనూ, ఆయాలనూ.