మబ్బు రోజున పొద్దుతిరుగుడు పూలు ఎదురెదురుగా తిరుగుతాయా?

"సూర్యుడు కనిపించని రోజున పొద్దుతిరుగుడు పూలు ఒకదానివైపు ఒకటి తిరిగి శక్తిని పంచుకుంటాయి, మనమూ అలాగే ఉండాలి" అనే సందేశం వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతూనే ఉంది. ఉద్దేశం మంచిదే. కానీ మొక్కకు అంటగట్టిన ఆ గుణాలు దానికి లేవు. నమ్మి సాగు చేస్తే నష్టం కూడా.

"పువ్వు రోజంతా సూర్యుడి వెంటే తిరుగుతుంది."

తిరిగేది ఎదుగుతున్న లేత మొక్క, దాని మొగ్గ. పగటిపూట కాండం తూర్పు పక్క ఎక్కువ సాగడంతో కొన పడమటికి ఒరుగుతుంది. రాత్రి పడమటి పక్క సాగి, తెల్లారేసరికి మళ్లీ తూర్పుకు వస్తుంది. పువ్వు విచ్చుకునే వేళకు కాండం సాగడం ఆగిపోతుంది, దాంతో తిరగడమూ ఆగుతుంది. ఇక పువ్వు రాలేవరకూ తూర్పుముఖమే. ఇందులో మొక్కకు లాభముంది. అమెరికాలో డేవిస్ పట్టణంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించిన పరిశోధనలో, కొన్ని కుండీలను పడమటికి తిప్పి పోల్చి చూశారు. తూర్పుకు ఉన్న పూలు ఉదయం త్వరగా వేడెక్కాయి, వాటి మీద వాలిన తేనెటీగలు ఐదు రెట్లు ఎక్కువ. అందుకే అందం కోసం పెంచేవాళ్లు మొక్కల్ని దారికి పడమటి పక్కన వేసుకోవాలి. తూర్పు పక్కన వేస్తే నడిచేవాళ్లకు పూల వీపులే కనిపిస్తాయి.

"మబ్బు పడితే ఎదురెదురుగా తిరుగుతాయి."

విచ్చిన పువ్వు తిరగలేదని పైన చూశాం. లేత మొక్కకైతే లోపల ఒక గడియారం ఉంది. కదలకుండా నడినెత్తిన వెలిగే దీపం కింద పెట్టినా కొన్ని రోజులు తూర్పు పడమరలకు ఊగుతూనే ఉంటుంది. ఎదురెదురుగా ఉన్న పూల ఫొటోలకు కారణాలు వేరు: గాలికి వాలిన కాండాలు, లేదా కొమ్మకొక పువ్వు పూసే అలంకరణ రకాలు.

"శక్తిని పంచుకుంటాయి."

ఆహారం తయారుచేసేది ఆకు. పక్క మొక్కకు ఇవ్వడానికి పువ్వు దగ్గర వెలుతురేమీ లేదు. నిజానికి దగ్గరైతే మొక్కలు ఒకదాన్నుంచి ఒకటి దూరం జరుగుతాయి. అర్జెంటీనాలో ఒత్తుగా విత్తిన పొలంలో ఒక మొక్క వరుసకు ఇటు వాలితే పక్కది అటు వాలిందని 2017లో పరిశోధకులు చూపించారు. పక్క మొక్క ఆకుల మీంచి వచ్చే, మన కంటికి దాదాపు కనిపించని ఎరుపుకు ఆవలి కాంతిని (ఫార్-రెడ్) పసిగట్టి అలా వాలతాయి.

కాబట్టి ఎడం ముఖ్యం. వరుసల మధ్య 60 సెం.మీ., మొక్కల మధ్య 30 సెం.మీ. ఉంచి, 4-5 సెం.మీ. లోతున కుదురుకు రెండు గింజలు వేయాలి. మొలిచిన 10-15 రోజులకు బలమైన ఒక్క మొక్కనే ఉంచి మిగతాది తీసేయాలి. జాలిపడి రెండూ ఉంచితే కాండాలు సన్నబడి, పువ్వు చిన్నదై, గాలివానకు పడిపోతాయి.

పూల మధ్య నిజంగా జరిగే ఇచ్చిపుచ్చుకోవడం పుప్పొడిదే. అది సరిగా అందకపోతే గింజలు తాలుపోతాయి. తేనెటీగలు తక్కువగా ఉంటే ఉదయం 8 నుంచి 11 లోపు మెత్తటి నూలు గుడ్డతో ఒక పువ్వు ముఖాన్ని, తర్వాత ఇంకోదాన్ని సుతారంగా రుద్దాలి. లేదా పక్కపక్క పూలను ముఖాముఖి తాకించి రుద్దినా చాలు. పువ్వు ముఖం నిండా ఉండే చిన్న చిన్న పూలు అంచు నుంచి మధ్యకు రోజుకు కొన్ని వరుసల చొప్పున విచ్చుకుంటాయి, కాబట్టి ఒక్కసారితో సరిపోదు. రోజు విడిచి రోజు ఐదారుసార్లు చేయాలి. పూత మీద పురుగుమందు కొడితే తేనెటీగలు చచ్చి తాలు మరింత పెరుగుతుంది. బోరాన్ అనే సూక్ష్మపోషకం తక్కువైనా గింజ కట్టదు. పసుపు రేకులు విప్పుకునే దశలో లీటరు నీటికి బోరాన్ ఉండే బోరాక్స్ పొడిని 2 గ్రాములు కలిపి పిచికారీ చేయాలి. ముందుగా కాస్త వేడినీళ్లలో కరిగించకపోతే అడుగున పేరుకుంటుంది.

"దిగులుతో తల దించుకుంటాయి."

గింజల బరువుకు వంగుతుందంతే. అలా వంగాక పువ్వు వెనకభాగం నిమ్మపండు రంగుకు తిరిగితే కోతకు వచ్చినట్టు. కోశాక గింజలో తేమ 9-10 శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి, లేదంటే నిల్వలో బూజు పడుతుంది.