జాకెట్టు లోపలి మూడు కుట్లు

మా అక్కకు షుగర్ అని తేలిన రోజు ఇంట్లో అందరి నోటా ఒకటే మాట: "లావుగా లేదు కదా, దీనికి షుగర్ ఏమిటి?" ఆ మాట విన్నప్పటి నుంచి నాలో ఏదో రగులుతూనే ఉంది. ఇవాళ రాసేస్తున్నాను.

అక్కకు 42 ఏళ్ళు. కావలిలో కాపురం. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 58 కిలోలు. వీధిలో ఎవరు చూసినా లావని అనరు. రెండేళ్ళ క్రితం ఒక వైద్య శిబిరానికి వెళితే, బరువు తూచి, గోడకున్న చార్టు చూసి "మీకేం ఫరవాలేదమ్మా" అని పంపించేశారు. రక్త పరీక్ష కూడా చేయలేదు. పోయిన ఏడాది ఒక చిన్న ఆపరేషన్ కోసం పరీక్షలు చేయిస్తే పరగడుపున షుగర్ 168 ఉంది. 126 ఉన్నా, దాటినా షుగర్ వ్యాధి కింద లెక్క.

ఆ చార్టులో అధిక బరువు గీత 25 బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే లెక్క) దగ్గర ఉంది. మన దేశపు వాళ్ళకు ఆ గీత 23 దగ్గరే మొదలవుతుందని మన వైద్యులు ఏనాడో తేల్చారు. అక్క బీఎంఐ 23 దాటింది. సరే, గీత సంగతి అలా ఉంచుదాం. నా బాధ అది కాదు. "పెళ్ళినాటికి నీ బరువెంతమ్మా?" అని అక్కడ ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే 43 అని చెప్పేది. ఇరవై రెండేళ్ళలో పదిహేను కిలోలు!

అక్క పెళ్ళి పట్టుచీర జాకెట్టు ఈ మధ్య నా చేతికి వచ్చింది. ఆడవాళ్ళకు తెలిసిన విషయమే, జాకెట్టు కుట్టేటప్పుడు పక్కల లోపల కొంచెం బట్ట వదిలి, రెండు మూడు వరసల కుట్లు వేస్తారు, ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి. తిరగేసి చూశాను. మొదటి కుట్టు విప్పిన చోట సూది బెజ్జాలు వరసగా ఉన్నాయి. అది పెద్దాడి బారసాలకు విప్పింది. రెండోది చిన్నదాని పుట్టువెంట్రుకలకు. మూడోది మా తమ్ముడి పెళ్ళికి. విప్పిన మేర పట్టు రంగు తేటగా, కొత్తదానిలా ఉంది. ఆ మూడు గీతల్లో ఉన్న సంగతి శిబిరంలో తూచిన ఒక్క అంకెలో లేదు.

అమెరికాలో 1976లో మొదలైన నర్సుల అధ్యయనం ఉంది. లక్షా పధ్నాలుగు వేల మందికి పైగా ఆడవాళ్ళను పధ్నాలుగేళ్ళపాటు గమనించి, 1995లో ఫలితాలు ప్రకటించారు. 18 ఏళ్ళప్పటి బరువుకు అటూ ఇటూ అయిదు కిలోల లోపే ఉన్నవాళ్ళతో పోలిస్తే, 5 నుంచి 8 కిలోల దాకా పెరిగిన వాళ్ళకు షుగర్ ముప్పు దాదాపు రెండింతలు. 8 నుంచి 11 కిలోల దాకా పెరిగితే 2.7 రెట్లు. అయిదు కిలోలకు మించి తగ్గిన వాళ్ళకు ముప్పు సగమో, అంతకన్నా ఎక్కువో తగ్గింది. అంటే ఇవాళ ఎంత ఉన్నావన్నది ఒక్కటే కాదు, ఎక్కడి నుంచి ఇక్కడికి వచ్చావన్నదీ చూడాలి.

మన ఒళ్ళకు ఇంకో చిక్కు ఉంది. 2004లో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో ఒక వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఇంగ్లండు ఆయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మనవాడి ఒంట్లో 21.2 శాతం. పైకి సన్నగానే కనిపిస్తాం, కొవ్వు మాత్రం లోపల ఉంటుంది. చర్మం కింద దాచుకునే చోటు నిండిపోయాక అది కాలేయంలోకీ క్లోమంలోకీ చేరుతుంది. చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ మాట కాలేయం వినదు, దాన్ని తయారుచేసే క్లోమం అలసిపోతుంది. ఆ చోటు ఎంతన్నది మనిషి మనిషికీ వేరు. ఒకరు 90 కిలోలైనా తట్టుకుంటారు, ఇంకొకరికి 58 కిలోలకే నిండిపోతుంది.

అక్క పుట్టింది కొండపి దగ్గర పల్లెలో. పొగాకు రోజుల్లో తెల్లవారకముందే పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గరికి వెళ్ళి, ఆకు కర్రలకు కట్టి అందించేది. కావలికి వచ్చాక ఆ కండ కరిగింది, అన్నం మాత్రం మూడు పూటలా అలాగే ఉంది. పెళ్ళయిన ఆరు నెలలకు పుట్టింటికి వస్తే మా మేనత్త "ఇంకా ఒళ్ళు చేయలేదేమిటే, అత్తారింట్లో తిండి పెట్టడం లేదా?" అని అడిగింది. తరువాత ఒళ్ళు చేస్తే అందరూ మురిసిపోయారు. ఆకలి ఎరిగిన తరం వాళ్ళది, ఆ ప్రేమను నేను తప్పు పట్టను. కానీ ఆ మురిపెం వల్ల ఇరవై ఏళ్ళపాటు ఎవరికీ అనుమానం రాలేదు.

తగ్గితే మెచ్చుకోవడమూ అంతే. మా బాబాయి నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గితే "ఎంత సన్నబడ్డావు!" అని పొగిడారు. ఆయన ఏ ప్రయత్నమూ చేయలేదు. రాత్రి నాలుగైదుసార్లు లేచి మూత్రానికి వెళ్ళేవాడు. షుగర్ ముదిరి కండ కరిగిపోతోందని తెలిసేసరికి ఆలస్యమైంది. కారణం లేకుండా బరువు తగ్గితే దయచేసి ముందు రక్త పరీక్ష చేయించండి.

నేను ఎవరి ఒంటినీ ఎగతాళి చేయమనడం లేదు. పెళ్ళిళ్ళలో పదిమంది ముందు "ఏమిటే, ఇంత లావయ్యావు" అనేవాళ్ళ వల్ల ఎవరి షుగరూ తగ్గలేదు. ఆసుపత్రి చీటీలో ఇవాళ్టి బరువు పక్కన 20 ఏళ్ళప్పటి బరువు రాయడానికి ఒక గడి పెట్టమంటున్నాను. నడుము కొలవమంటున్నాను: ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటితే సన్నగా ఉన్నా పరీక్ష చేయించుకోవాలి. చెన్నైలో వైద్యుడు రామచంద్రన్ బృందం 2006లో చూపించిందేమిటంటే, షుగర్ అంచున ఉన్నవాళ్ళు నడక, తిండి మార్చుకుంటే మూడేళ్ళలో ముప్పు 28.5 శాతం తగ్గింది, అదీ బరువు పెద్దగా తగ్గకుండానే. కాబట్టి కాటా కదలలేదని నడక ఆపకండి.

వచ్చే నెల అక్క కూతురి పెళ్ళి. మొన్న జాకెట్టు కొలతలకు ఇద్దరినీ దర్జీ దగ్గరికి తీసుకెళ్ళాను. పిల్ల నడుము 27 అంగుళాలు. ఇంటికి వచ్చాక అక్క పద్దుల పుస్తకం తీసి, తేదీ వేసి, పిల్ల బరువు 46 అని రాసింది. కాసేపు ఆలోచించి, దాని కింద తన పేరు రాసి, 20 ఏళ్ళప్పుడు 43 అని రాసుకుంది.