రేడియో స్కానరు గారి సముఖమునకు

పోలీసులూ అగ్నిమాపక దళమూ వైర్‌లెస్‌లో చెప్పుకునే మాటలను గాలిలోంచి పట్టి వినిపించే మహారాజశ్రీ రేడియో స్కానరు గారికి, మూడు నెలలుగా మీ ధ్యాసలోనే నిద్రపోతున్న తిరుపతి వాస్తవ్యుడు వ్రాసుకొను విన్నపము.

2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించిన రోజుల్లో, మా వీధి వాట్సాప్ గ్రూపు ఆ కట్టను ఒక్క రాత్రిలోనే నాలుగుసార్లు తెంచింది. అసలు కబురు పోలీసుల వైర్‌లెస్ సెట్లలో నడుస్తున్నదనీ, అది మనకే అందడం లేదనీ నాకు అప్పుడే అనుమానం తగులుకుంది. ప్రజా భద్రత మీద శ్రద్ధ అని ఇంట్లో చెప్పుకున్నాను. పొరుగింటి పుల్లకూర రుచి అని మా ఆవిడ దానికి వేరే పేరు పెట్టింది.

మిమ్మల్ని ఎంచుకోవడమంటే ధరా, ఛానళ్ల లెక్కా చూడటమేనని మొదట నమ్మాను. ఒక్కొక్క ఛానలునూ తలుపు తట్టినట్టు తట్టుకుంటూ పోయి, మాట వినిపించిన చోట ఆగడం మీ వృత్తి అయినప్పుడు, ఎక్కువ తలుపులు తట్టేవారే మేలనుకోవడంలో తప్పేముంది? అయితే సంబంధం కుదరాలంటే ముందు అవతలివారి జాతకం తెలియాలట. ఊళ్లోని పోలీసులూ అగ్నిమాపక దళమూ వాడేది గొంతును ఉన్నదున్నట్టు తరంగం మీదికెక్కించే పాత అనలాగా, అంకెలుగా మార్చి పంపే డిజిటలా, డిజిటలైతే అందులో ఏ పద్ధతి అన్నది తేలాలి. అమెరికావారి పీ25 పద్ధతి కోసం అప్పు చేసి కొన్న స్కానరు టెట్రా అనే మరో డిజిటల్ పద్ధతి నడిచే ఊళ్లో మూగనోము పడుతుంది. ఉన్న కొద్ది ఛానళ్లను అందరికీ అప్పటికప్పుడు పంచే ట్రంకింగ్ ఏర్పాటు ఉన్నచోట ఇంకా విచిత్రం: ప్రశ్న ఒక ఫ్రీక్వెన్సీలో పోతే జవాబు వేరొక దానిలో రావచ్చు, ఎవరు ఏ ఫ్రీక్వెన్సీకి మారాలో చెప్పే కంట్రోల్ ఛానల్ ఆదేశాలను చదవగలిగిన స్కానరు మాత్రమే ఆ సంభాషణ వెంట పడగలదు. ఇన్నీ కుదిరాక వారు మాటను బయటివారికి అర్థం కాకుండా మార్చే ఎన్‌క్రిప్షన్ అనే తాళం వేశారంటే, మీ వంశంలో అయిదు వేల వారికీ లక్ష రూపాయల వారికీ దక్కేది ఒకటే మౌనం.

మా ఊరికి ప్రత్యేకంగా మరొక చిక్కు ఉంది. సెట్లు మాట్లాడుకునే వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరకే సాగుతాయి. ఎత్తయిన చోట, విన్న మాటను మళ్లీ గట్టిగా పంపే రిపీటరు ఉంటే ఊరంతా వినిపిస్తుంది గాని, శేషాచలం మలుపు అవతల నిలబడినవారి చేతి సెట్టు మాట నేరుగా మా మిద్దెకు చేరాలంటే సాక్షాత్తు ఏడుకొండలవాడే తప్పుకోవాలి.

కొండలు తప్పుకున్నా చట్టం తప్పుకోదు. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోరాదని 1933 నాటి చట్టమే చెప్పింది. పాత చట్టాల స్థానంలోకి తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం, ఇతరుల సందేశాలను అక్రమంగా వినేవారికి 3 సంవత్సరాల వరకు జైలు గాని, 2 కోట్ల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునన్నది. ఇంత మర్యాద జరుగుతుందని మీ పెట్టె మీద ఎక్కడా వ్రాయలేదు, స్వామీ! మీరు పుట్టిన దేశంలో మిమ్మల్ని వంటింటి గట్టు మీద పెట్టుకుని వింటూ కాఫీ తాగేవారున్నారని విని మోసపోయాను.

మొన్న అలిపిరి దగ్గర టీ తాగుతుంటే, పక్కన నిలబడిన కానిస్టేబులు గారి భుజాన ఉన్న సెట్టు గరగరమంది. మూడు నెలల తపస్సు ఫలించినట్టుగా గ్లాసు పట్టుకుని అర అడుగు జరిగాను. "గరుడ సర్కిల్ పాయింటుకి టిఫిన్ ఇంకా రాలేదు సార్, ఓవర్" అని వినిపించింది. ఆయన నా వైపు ఒకసారి చూసి శబ్దం తగ్గించారు.

ఆ సాయంత్రమే ఆన్‌లైన్ బుట్టలోంచి మిమ్మల్ని తీసివేశాను. అభిరుచి కొద్దీ రేడియోలో మాట్లాడుకునేవారికి ఇచ్చే హామ్ రేడియో లైసెన్సు పరీక్ష పుస్తకం తెచ్చుకున్నాను. దానిలో ఇతరుల మాటలు పొంచి వినడం గురించి కాక, మన మాట మనం సక్రమంగా చెప్పడం గురించి ఉండటం వల్ల, చదువు కొంచెం నెమ్మదిగా సాగుతున్నది.

ఇట్లు,
తమ ఒకనాటి అభిమాని,
తిరుపతి.