గూగుల్ గుమ్మంలో సిఫార్సు లేఖలు

బ్యాక్‌లింకు అంటే ఏమిటో తిరుపతిలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. బ్రేక్ దర్శనానికి లేఖ ఎవరిస్తారు, ఎవరి లేఖకు ఎంత బరువు అన్నది ఇక్కడ టీ కొట్టు దగ్గర తేలిపోయే విషయం. ‘వీరు మాకు కావలసినవారు, గమనించగలరు’ అని ఒక వెబ్‌సైటు మరో సైటు గురించి గూగుల్‌కి రాసిచ్చే చీటీయే లింకు. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ దీన్ని పేజ్‌ర్యాంక్ అనే లెక్కగా మార్చారు. లేఖలు ఎన్ని, రాసినవాడికి మళ్ళీ ఎవరెవరు రాశారు అన్నదాన్ని బట్టి వెతుకులాట ఫలితాల్లో వరస. ఇంత మన పద్ధతిలో పుట్టిన గూగుల్, కొన్న లింకుల్నీ మార్చుకున్న లింకుల్నీ ఇవాళ ‘లింక్ స్పామ్’ అని ఈసడించడం కృతఘ్నత కాక మరేమిటి?

మార్పిడినే చూడండి. బస్టాండు ఎదుట లాడ్జి, కాళహస్తికీ కాణిపాకానికీ కార్లు తిప్పే ట్రావెల్స్, చిత్తూరు తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీ ఒకరి పేరు ఒకరు సైటు అడుగున ‘మిత్ర సైట్లు’ అని వేసుకుంటారు. పెళ్ళిలో చదివింపుల్లాంటిది, పుస్తకంలో రాసుకుని తిరిగి ఇచ్చేయడమే. ట్రావెల్స్‌కీ లాడ్జికీ చుట్టరికం ఉంది, సరే. గుజ్జు ఫ్యాక్టరీకి గది అద్దెతో ఏం పని అని గూగుల్ అడుగుతుంది. అడగడం దాని దుర్గుణం.

పైగా దానికి పిసినారితనం కూడా. పాత పేజ్‌ర్యాంక్ లెక్క ప్రకారం పేజీకి రూపాయి బలం ఉంటే లింకులకు పంచేది సుమారు 85 పైసలు. మిత్రులు 80 మంది అయితే ఒక్కొక్కరికి దక్కేది పైసా, ఆపైన చిల్లర. ఒక చిన్న లడ్డూను 80 మందికి పంచితే ఏమవుతుందో ఊహించండి. వేలికి నెయ్యి అంటుతుంది.

ఇచ్చిపుచ్చుకోవడం కనబడకూడదని కొందరు మేధావులు చక్రం కనిపెట్టారు. లాడ్జి ట్రావెల్స్‌కి, ట్రావెల్స్ గుజ్జుకి, గుజ్జు లాడ్జికి. ఎవరూ ఎవరికీ బాకీ లేనట్టే. ఇంకా పైమెట్టున ఉన్నవాళ్ళు గడువు తీరిన పాత డొమైన్లు, అంటే వెబ్ చిరునామాలు, కొని, మూతబడ్డ బడి సైటు మీద లాడ్జి ప్రకటనలు వేస్తారు. నలభై సైట్లకూ ఒకే సర్వరు, ఒకే డిజైను, ఒకే అక్షరదోషాలు. మారువేషం వేసినవాళ్ళంతా ఒకే చెప్పులు తొడుక్కుని వచ్చినట్టు.

ఏజెంటు అమ్మే ప్యాకేజీలో 300 లింకులు ఉంటాయి. అన్నిటి మీదా ఒకే మాట: ‘తిరుపతిలో చవక లాడ్జి’. మామూలు మనిషి లింకు ఇస్తే లాడ్జి పేరో, అడ్రసో, ‘ఇక్కడ చూడండి’ అనో రాస్తాడు. మూడొందల మంది అపరిచితులు అక్షరం పొల్లుపోకుండా ఒకే వాక్యం పలికితే, కాణిపాకంలో ప్రమాణం చేయించినా ఎవరూ నమ్మరు. డొమైన్ అథారిటీ, అంటే సైటు పరపతి, పెరిగిందని ఏజెంటు ఒక అంకె చూపిస్తాడు. అది మోజ్ అనే సంస్థ కట్టే లెక్క. గూగుల్ దాన్ని వాడదు. ఆ అంకెను ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో పెట్టుకోవచ్చు, అందంగా ఉంటుంది.

2012 ఏప్రిల్ 24న గూగుల్ నుంచి దొంగ లింకుల్ని పట్టే కొత్త లెక్క ఒకటి, పెంగ్విన్ అనే పక్షి, వచ్చింది. ఇలాంటి సైట్లు ఒక్క ఊపున కిందికి జారాయి. 2016 నుంచి అది నిత్యం లోపలే కూర్చుని, చాలావరకు శిక్షించడం మానేసి, దొంగ లింకుల్ని లెక్కలోంచి తీసేస్తోంది. అవమానమంటే ఇదీ. లేఖ తీసుకున్నారు, నమస్కారం పెట్టారు, బల్ల కిందకి తోశారు. ర్యాంకు పెరగదు, పడదు. ఏజెంటుకి కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాదు.

అయినా కొందరికి శిక్ష పడుతుంది. సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ‘మాన్యువల్ యాక్షన్స్’ (మనుషులు చూసి వేసే శిక్షలు) కింద అసహజ లింకులని నోటీసు వస్తే పుత్తూరు కట్టు తప్పదు. లింకుల జాబితా దించుకోవాలి. ఆయా సైట్లవాళ్ళకి రాసి తీయించుకోవాలి, లేదా ‘దీన్ని సిఫార్సుగా లెక్కించవద్దు’ అని చెప్పే నోఫాలో గుర్తు పెట్టించాలి. లొంగనివాటిని, ‘ఈ లింకులు మా లెక్కలో వేయొద్దు’ అని గూగుల్‌కి చెప్పుకునే డిసవో ఫైల్లో గీతకొకటి చొప్పున రాసి ఎక్కించి, పునఃపరిశీలన కోరాలి. ఆ ఫైల్లో లక్ష గీతల దాకా అనుమతి ఉంది. మనవాళ్ళ సత్తా గూగుల్‌కి ముందే తెలుసన్నమాట. నోటీసు రాకుండా భయంతో కట్టు కట్టుకుంటే మాత్రం మంచి లింకులు కూడా తెగి, నడిచే కాలు కుంటుతుంది. డబ్బిచ్చి వేయించిన ప్రకటనకు ‘స్పాన్సర్డ్’ అని గుర్తు పెట్టే సౌకర్యం 2019 నుంచి ఉంది. ఎవరూ వాడరు. లంచానికి రసీదు అడిగినట్టుంటుంది.

ఇక సందర్శకుల సంగతి. సందర్శకుల్ని లెక్కపెట్టే అనలిటిక్స్‌లో, ఎవరు ఏ సైటు నుంచి వచ్చారో చూపే రెఫరల్ వరస తెరిస్తే ఆ 300 సైట్ల నుంచి వచ్చినవారు సున్నా. లాడ్జి సైటుకి వచ్చే యాత్రికుడికి కావలసింది చెకిన్ 24 గంటలా కాదా, వేడినీళ్ళు ఎన్నింటి దాకా, అలిపిరి ఎంత దూరం. ఇవేవీ సైటులో లేవు, చోటంతా మిత్రులదే. వెతికి వెతికి అడుగుకి వస్తాడు. అక్కడ పక్కవీధి పోటీ లాడ్జితో మార్చుకున్న లింకు నీలం రంగులో మెరుస్తుంటుంది: ‘తిరుపతిలో చవక లాడ్జి’. నొక్కుతాడు. పథకం మొత్తంలో లింకు పట్టుకుని నిజంగా నడిచిన యాత్రికుడు ఆయనొక్కడే. గది అక్కడే తీసుకున్నాడు.