గడువు ఉంది, గడువు ముగిసింది

మేడమ్ తన ఫోను నా ముందు పెట్టి ఒకే ప్రశ్న అడిగారు: "ఇంతకీ నాకు గడువుందా, అయిపోయిందా?"

ఫోను అందుకుని చూశాను. ఇన్‌బాక్సు నిండా మా ప్రోగ్రామ్ పంపిన మెయిళ్ళే. ఒకదాంట్లో "ఫారం నింపడానికి మీకు 30 రోజుల గడువు ఉంది" అని. దాని మీద "గడువు ముగిసింది. ఇదే చివరి రిమైండర్" అని. దాని మీద మళ్ళీ 30 రోజుల గడువు, ఆ మీద మళ్ళీ చివరి రిమైండర్. వేలితో తోస్తూ పోతే అంతు దొరకలేదు. లెక్కపెడితే 54. అందులో చివరి రిమైండర్లే 27.

"ట్రయల్ కదా మేడమ్, మన టీమ్‌లో పదకొండు మందికే వెళ్ళాయి" అన్నాను, అదేదో నా ముందుచూపు అయినట్టు.

"ఈ 54 నా ఒక్కదానికే కదా?"

ఇక మాట్లాడకుండా సీటుకి వచ్చి లాగ్ తెరిచాను, అంటే ప్రోగ్రామ్ తను చేసిన పనులు రాసుకునే చిట్టా. అక్కడ ఇంకో వింత. 'పంపినవి: 0. విఫలమైనవి: 22.' మనిషికి రెండు మెయిళ్ళ చొప్పున పదకొండు మందికి ఇరవై రెండు పనులు. వాటిలో ఒక్కటి కూడా కాలేదని మా ప్రోగ్రామ్ ప్రమాణం చేసి చెబుతోంది. బయటేమో 594 మెయిళ్ళు జనాల ఫోన్లలో టింగు టింగుమంటున్నాయి.

అసలు పని చాలా చిన్నది. ఏడాదికోసారి నింపాల్సిన సెల్ఫ్ అప్రైజల్ ఫారం ఒకటుంటుంది. దాన్ని ఎవరూ టైముకి నింపరు. ఫారం తెరిచిన రోజు ఒక మెయిల్, అప్పటికీ నింపకపోతే 30 రోజుల తర్వాత చివరి మెయిల్ పంపాలి. "అరపూట పని" అన్నాను. ఈ మాట అన్న ప్రతిసారీ నాకు వారం పట్టింది, అయినా అనడం మానను.

మా ప్రోగ్రామ్ రాసిన భాష జావాస్క్రిప్టు. అందులో ఒక పనిని కాసేపాగి చెయ్యాలంటే సెట్‌టైమ్‌అవుట్ అని ఒకటుంది. ఎన్ని మిల్లీసెకన్లు ఆగాలో చెబితే చాలు. 30 రోజులకి లెక్క కట్టాను: 259 కోట్ల 20 లక్షల మిల్లీసెకన్లు. అంత పెద్ద అంకె టైపు చేస్తుంటే ఏదో ఘనకార్యం చేస్తున్నట్టే అనిపించింది. టెస్టు చెయ్యలేదా అంటే, చేశాను. నెల రోజులు తెర ముందు కూర్చోలేను కదా, 30 రోజుల బదులు 10 సెకన్లు పెట్టి చూశాను. బ్రహ్మాండంగా పనిచేసింది.

సెట్‌టైమ్‌అవుట్ ఆ అంకెను 32 బిట్లలో దాచుకుంటుంది. ప్లస్సో మైనస్సో చెప్పడానికి ఒక బిట్టు పోగా, అందులో పట్టే పెద్ద అంకె 2147483647. అంటే 24 రోజుల 20 గంటల పైచిలుకు. అంతకు మించి అడిగితే, జావాస్క్రిప్టుని నడిపించే నోడ్ మనతో గొడవ పడదు. ఒక హెచ్చరిక రాసిపెట్టి, ఆగాల్సిన సమయాన్ని 1 మిల్లీసెకనుగా మార్చేసుకుని, తన పని తాను చేసుకుపోతుంది. ఆ హెచ్చరిక లాగ్‌లో నాకు కనబడాలి కదా? కనబడదు. హెచ్చరికలతో లాగ్ గజిబిజిగా ఉందని వాటిని కిందటి నెలే నేనే దాచేశాను. ఆ విధంగా 30 రోజుల గడువు ఇచ్చిన మరుక్షణమే గడువు ముగిసింది.

ఇది రెండు మెయిళ్ళ కథ. మరి రెండు 54 ఎలా అయ్యాయి?

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడొకడు ఉన్నాడు. వాడి కుర్చీ నా పక్కకి జరిగింది. నా కోడ్ చూపించి, కాస్త గర్వంగానే వివరించాను. మెయిల్ సర్వరు అప్పుడప్పుడూ మొరాయిస్తుంది. అది జవాబు ఇచ్చేదాకా నోరు తెరుచుకుని కూర్చోకూడదని ప్రామిస్ రేస్ పెట్టాను. మెయిల్ పంపే పని ఒక పక్క, 5 సెకన్ల గడియారం ఇంకో పక్క పరుగెత్తుతాయి. ఎవరు ముందొస్తే వాళ్ళ మాటే మాట. గడియారం గెలిస్తే టైమ్‌అవుట్ అన్నమాట, మళ్ళీ ప్రయత్నిస్తాం.

"అన్నా, గడియారం గెలిచింది సరే. ఓడిపోయిన మెయిల్ ఏమైంది?"

"ఓడిపోయింది."

"అంటే, ఆగిపోయిందా?"

నోరు తెరిచి మూశాను. ఆగదు. ప్రామిస్ రేస్‌లో ఓడినవాణ్ని ఎవరూ చెయ్యి పట్టుకుని బయటికి లాగరు. వాడు తన పరుగు తాను పూర్తిచేస్తాడు. గీత దగ్గర చూసేవాళ్ళే ఉండరు.

ఆ రోజు మెయిల్ సర్వరు జవాబు ఇవ్వడానికి 8 సెకన్లు తీసుకుంటోంది. మెయిల్‌ని వెంటనే అందుకుంది, పంపించేసింది కూడా. "అందింది" అనే ఒక్క ముక్క చెప్పడానికే దానికి బద్ధకం. నేనేమో అయిదో సెకనుకే 'విఫలం' అని రాసుకుని రెండో మెయిల్ వదిలాను. జరిగిందల్లా నేను ఆగలేకపోవడం. లాగ్‌లో మాత్రం తప్పు దానిదే.

"అయినా మూడుసార్లే కదన్నా నువ్వు ప్రయత్నించమంది?"

మూడుసార్లే. కానీ మెయిల్ పంపడానికి నేను వాడిన ఫంక్షన్ ఎవరో ఎప్పుడో రాసి పెట్టింది, ఆ మహానుభావుడూ జాగ్రత్తపరుడే. 5 సెకన్ల టైమ్‌అవుట్ పెట్టి, లోపల తనూ మూడుసార్లు ప్రయత్నిస్తాడు. పైన ఈ పనులన్నీ నడిపించే క్యూ ఉంది, అదీ విఫలమైన పనిని మొత్తం మూడుసార్లు నడిపిస్తుంది. చిన్నప్పటి ఎక్కాలు గుర్తొచ్చాయి. మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. ముగ్గురం ఎవరికి వాళ్ళం జాగ్రత్తగానే ఉన్నాం. నిమిషం తిరగకముందే 27 ప్రయత్నాలూ పూర్తిచేశాం. మధ్యలో ఒక్క క్షణం కూడా ఊపిరి తీసుకోలేదు.

కంగారులో మనిషి చేసే మొదటి పని అంకె పెంచడం. 5000 మిల్లీసెకన్లు ఉన్నచోట 15000 పెట్టాను. ఆ ఊపులోనే ఫారాలు ఎవరెవరు నింపారో చూసే స్క్రిప్టులో కూడా 15000 అతికించాను. అది రాసింది ఇంకో భాషలో, పైథాన్‌లో. అక్కడ టైమ్‌అవుట్ లెక్క సెకన్లలో. స్క్రిప్టు కదల్లేదు. "నడుస్తోంది, ముట్టుకోకు" అని కుర్రాడికి చెప్పి గంటన్నర మర్యాదగా కాపలా కాశాను. నేనిచ్చిన గడువు 4 గంటల 10 నిమిషాలని వాడే చెప్పాడు. (గో భాషలో అయితే కాసేపు ఆగమనే స్లీప్‌కి ఉత్త 5 అని ఇస్తే 5 నానోసెకన్లు. ఒక్కో భాషకి ఒక్కో ఓపిక.)

సరిదిద్దడానికి నిజంగానే వారం పట్టింది. టైమ్‌అవుట్ కాగానే పని రద్దయ్యేలా అబార్ట్‌కంట్రోలర్ పెడదామన్నాను. మంచిదే, పెట్టాం. కానీ అది మన వైపు ఎదురుచూపును ఆపుతుంది గానీ, అవతలికి చేరిపోయిన మెయిల్‌ని వెనక్కి తేదు. చివరికి గట్టి మందు కుర్రాడే చెప్పాడు: ఒక్కో రిమైండర్‌కి ఒక్కో నంబరు, ఎన్నిసార్లు పంపినా అదే నంబరు. ఆ నంబరు అప్పటికే చూసి ఉంటే మెయిల్ సర్వీసు రెండోదాన్ని పక్కన పడేస్తుంది. మళ్ళీ ప్రయత్నించే హక్కు క్యూ ఒక్కదానికే ఉంచి, మిగతా ఇద్దరి నోళ్ళూ కట్టాం. ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య వ్యవధి రెట్టింపవుతూ పోతుంది, అందరూ ఒకే క్షణంలో మీద పడకుండా కాస్త అటూ ఇటూ జరుగుతుంది కూడా.

30 రోజుల టైమర్‌ని మాత్రం పూర్తిగా పీకేశాను. తేదీని డేటాబేసులో రాసి, రోజూ పొద్దున ఒకసారి చూసుకుంటాం. అసలు ఒక ప్రోగ్రామ్ నెల రోజులు ఆగకుండా నడుస్తుందని నాకు నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో! రెండు రోజులకోసారి కొత్త వెర్షన్ పెట్టి దాన్ని రీస్టార్ట్ చేసేది నేనే. మెమరీలో ఉన్న టైమర్ దాంతోపాటే పోతుంది.

ఇవన్నీ మేడమ్‌కి చూపించాను. ఆవిడ ఓపిగ్గా విని, ఫారాల లిస్టు తెరిచారు. ట్రయల్ రోజు సాయంత్రానికల్లా పదకొండుకి పదకొండూ నిండాయి. ఆవిడది కూడా. ఇన్నేళ్ళలో ఎప్పుడూ జరగలేదట.

"ఇప్పుడు అందరికీ ఒక్కొక్కటే వెళ్తుందా?"

"గ్యారంటీగా ఒక్కటే మేడమ్."

ఆవిడ లిస్టు వంక కాసేపు చూశారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు: "27 వద్దులే గానీ, ఓ నాలుగైదు వెళ్ళేలా ఉంచలేమా?"